ల్యాప్‌టాప్ లేకుండా లింక్డ్‌ఇన్: యాపా, బ్రౌజరా, డెస్క్‌టాప్ సైటా?

"అక్కా, నువ్వు చెప్పిన బటన్ నా ఫోన్లో యాడా లేదు."

మారతహళ్ళిలో ఒక పీజీలో ఉంటున్న మా వైపు కుర్రాడు ఒక ఆదివారం పొద్దున ఫోన్ చేసి అన్న మాట ఇది. వాళ్ళది ధర్మవరం దగ్గర పల్లె. డిగ్రీ అయ్యాక ఇక్కడికొచ్చి టెస్టింగ్ కోర్సు చేస్తున్నాడు. సొంత ల్యాప్‌టాప్ లేదు. కోర్సు నడిచే చోట కంప్యూటర్ ముందు కూర్చోనిచ్చేది రోజుకు రెండు గంటలే. ఉద్యోగాలకూ, వృత్తి పరిచయాలకూ వాడే లింక్డ్‌ఇన్‌లో నీ కనెక్షన్ల, అంటే అక్కడ నీతో కలిసినవాళ్ళ, జాబితా మొత్తం దింపుకో అని నేను చెప్పాను. నా ల్యాప్‌టాప్‌లో ఏది ఎక్కడుందో చూసి, అలాగే చెప్పాను. అతని చేతిలో ఉన్నది యాప్. అందులో ఎంత వెతికినా ఆ దారి కనబడలేదు.

నేను బెంగళూరు వచ్చి పన్నెండేళ్ళు. మారతహళ్ళి, బీటీఎం, మడివాళ, కేఆర్ పురం పీజీల్లో అనంతపురం, కడప, చిత్తూరు, గుంటూరు పిల్లలు ఎందరో ఇలాగే ఫోన్ ఒక్కదానితో ఉద్యోగం వెతుకుతున్నారు. వాళ్ళు చూసే వీడియోలన్నీ ల్యాప్‌టాప్ తెర మీద తీసినవే. అందులో చూపించిన బటన్ తమ ఫోన్లో లేకపోతే తమకే ఏదో తెలియలేదని అనుకుంటారు. అది నిజం కాదు. ఒకే ఖాతాను తెరిచే దారులు వేరు, ఒక్కో దారిలో దొరికేవి వేరు, అంతే. ఏ పనికి ఏ దారి పట్టాలో ఇక్కడ వివరంగా చెబుతాను.

ఫోన్లో ఉన్న దారులు మూడు. ఒకటి యాప్. రెండు, క్రోమ్ లాంటి బ్రౌజర్లో మామూలుగా తెరుచుకునే మొబైల్ సైట్. మూడు, అదే బ్రౌజర్లో "డెస్క్‌టాప్ సైట్" అని టిక్ పెడితే వచ్చే పెద్ద సైట్. లైట్ యాప్ అని మరొకటి ఉండేది. 2017లో మన దేశంలోనే ముందుగా తెచ్చారు, తర్వాత ఆపేశారు. ఇప్పుడు ఆ పేరుతో బయట ఎక్కడైనా ఏపీకే ఫైల్ (ప్లే స్టోర్‌తో పనిలేకుండా యాప్‌ను ఫోన్లో పెట్టే ఫైల్) కనిపిస్తే దింపుకోకండి. అలాంటి ఫైల్లో మీ పాస్‌వర్డ్ కొట్టడమంటే తాళంచెవి తీసుకెళ్ళి దారినపోయేవాడి చేతిలో పెట్టడమే.

డెస్క్‌టాప్ సైట్ అని టిక్ పెడితే ఏం జరుగుతుంది

ఇది తెలిస్తే మిగతా చిక్కులు చాలావరకు అర్థమవుతాయి. బ్రౌజర్ ఏ సైట్‌కు వెళ్ళినా ముందు తనెవరో చెప్పుకుంటుంది: ఫలానా బ్రౌజర్, ఫలానా ఆండ్రాయిడ్ ఫోన్ అని. టిక్ పెట్టగానే క్రోమ్ ఆ పరిచయాన్ని మార్చి, నేను లైనక్స్ కంప్యూటర్‌ను అని చెబుతుంది. సైట్ నమ్మి పెద్ద పేజీని పంపుతుంది. ఆ పేజీని క్రోమ్ సుమారు 980 పిక్సెళ్ళ వెడల్పు ఉన్న తెర మీద పరిచినట్టు పరిచి, తర్వాత మన ఫోన్ తెరకు సరిపడా కుదిస్తుంది. మన ఫోన్ల వెడల్పు ఆ లెక్కలో 360 నుంచి 412 వరకు ఉంటుంది. అంటే అక్షరం దాదాపు 40 శాతానికి చిక్కిపోతుంది. కళ్ళు చిట్లించుకుని చూడాల్సి వచ్చేది అందుకే. సైట్‌లో లోపం లేదు, మీ చూపులోనూ లేదు.

దీనికి విరుగుడు కూడా ఆ లెక్కలోనే ఉంది. ఫోన్‌ను అడ్డంగా తిప్పండి. పొడవు వైపు 800 నుంచి 900 దాకా వస్తుంది కాబట్టి అక్షరం దాదాపు అసలు సైజుకు చేరుతుంది. ఆటో రొటేట్ ఆన్‌లో ఉండాలి. డెస్క్‌టాప్ సైట్ వాడటం నావల్ల కాదన్నవాళ్ళలో చాలామంది ఫోన్‌ను నిలువుగా పట్టుకునే ప్రయత్నించి ఉంటారు. అడ్డంగా తిప్పితే వచ్చే చిక్కు ఒక్కటే. కీబోర్డు తెరుచుకుంటే తెరలో సగం పైన అదే ఆక్రమిస్తుంది. చదవడానికీ నొక్కడానికీ అడ్డంగా, రాయడానికి నిలువుగా అని పెట్టుకోండి.

టిక్ ఎక్కడుందంటే, ఆండ్రాయిడ్ క్రోమ్‌లో పైన మూడు చుక్కలు నొక్కి కిందికి జరిపితే "డెస్క్‌టాప్ సైట్" కనిపిస్తుంది. ఫైర్‌ఫాక్స్‌లోనూ మూడు చుక్కల్లోనే. సామ్‌సంగ్ వాళ్ళ బ్రౌజర్లో కింది మెనూలో "డెస్క్‌టాప్ సైట్" అనో "డెస్క్‌టాప్ వెర్షన్" అనో ఉంటుంది. ఐఫోన్ సఫారిలో అడ్రస్ పట్టీ పక్కనున్న పేజీ మెనూ నొక్కితే "రిక్వెస్ట్ డెస్క్‌టాప్ వెబ్‌సైట్" వస్తుంది. ఐప్యాడ్ వాడేవాళ్ళకు 2019లో వచ్చిన ఐప్యాడ్ఓఎస్ 13 నుంచి సఫారి మామూలుగానే డెస్క్‌టాప్ పేజీని తెస్తోంది, వాళ్ళు ఏమీ చేయనక్కర్లేదు.

ఎక్కువమంది ఆగిపోయేది టిక్ దగ్గర కాదు, అంతకంటే ముందే. ఫోన్లో యాప్ ఉంటే, వాట్సాప్‌లో వచ్చిన లింక్ నొక్కినా, గూగుల్‌లో వెతికి నొక్కినా అది నేరుగా యాప్‌లోకి దూకుతుంది. యాప్‌ను తీసేయాల్సిన పని లేదు. బ్రౌజర్ అడ్రస్ పట్టీలో సైట్ పేరు మీరే టైప్ చేయండి, లేకపోతే గూగుల్‌లో వచ్చిన లింక్‌ను నొక్కిపట్టి కొత్త ట్యాబ్‌లో తెరవండి. రోజూ ఇదే గోల అయితే ఫోన్ సెట్టింగ్స్‌లో యాప్స్‌కు వెళ్ళి, లింక్డ్‌ఇన్ తెరిచి, "ఓపెన్ బై డిఫాల్ట్" అన్న చోట లింకులు తెరిచే అనుమతి తీసేయండి. ముందు మామూలు పేజీలో లాగిన్ అయి, ఆ తర్వాత టిక్ పెట్టండి. పాస్‌వర్డ్, ఓటీపీ గడుల్ని పెద్ద అక్షరాల్లోనే నింపేసుకోవచ్చు.

రోజువారీ పనికి యాప్

మెసేజ్ వస్తే వెంటనే తెలియడం, జాబ్ అలర్ట్, రిక్రూటర్‌కు జవాబు, ఈజీ అప్లై (లింక్డ్‌ఇన్‌లోనే దరఖాస్తు పెట్టేయడం). వీటికి యాప్‌ను మించింది లేదు. ఫోన్ బ్రౌజర్లో తెరిచిన సైట్‌ను నమ్ముకుంటే మధ్యాహ్నం వచ్చిన మెసేజ్ రాత్రి చూస్తారు. ఈ ఊళ్ళో వాకిన్‌లు, టెలిఫోన్ ఇంటర్వ్యూలు అదే రోజు ఖరారవుతుంటాయి. ఆలస్యమైతే వరసలో వెనక్కి పోతారు.

యాప్‌లో మాత్రమే చేయగలిగే పనులు కొన్నున్నాయి, వాటిని మనవాళ్ళు పట్టించుకోరు. మీ పేరును మీ గొంతుతోనే రికార్డు చేసి ప్రొఫైల్లో పెట్టుకోవచ్చు, 10 సెకన్లు. రికార్డు చేసేది యాప్‌లోనే, వినేది ఎక్కడైనా. మన పేర్లలో ళ, ణ, ఒత్తులు ఉంటాయి, ఇంటిపేరు ముందుంటుంది. ఫోన్ చేసే హెచ్‌ఆర్‌కు ఏ ముక్కతో పిలవాలో తెలియదు. ఈ రికార్డు ఉంటే ఆ తడబాటు పోతుంది. ఇంటర్వ్యూ మొదట్లో మన పేరు సరిగ్గా పలికితే మనసు కుదుటపడుతుంది, నాకది స్వయంగా తెలుసు. అలాగే వెతికే పెట్టె దగ్గరుండే క్యూఆర్ కోడ్. కోరమంగళలోనో ఇందిరానగర్‌లోనో మీటప్‌లకు వెళ్ళేవాళ్ళు కార్డులు అచ్చు వేయించుకోనక్కర్లేదు, ఎదుటివాళ్ళు స్కాన్ చేసుకుంటారు. వాయిస్ మెసేజ్ కూడా యాప్‌దే. కానీ పరిచయం లేని రిక్రూటర్‌కు గొంతు పంపకండి, నాలుగు వాక్యాలు రాయండి.

మొబైల్ సైట్ గురించి చెప్పేది తక్కువే. ఫోన్లో చోటు నిండిపోయి యాప్ పెట్టుకోలేనివాళ్ళకు అది పనికొస్తుంది. యాప్ దింపుకోమని పదేపదే అడుగుతుంటుంది, అడగనివ్వండి. దాని నిజమైన బలం బ్రౌజర్ అయినందువల్ల వచ్చిందే: ట్యాబులు, అడ్రస్ పట్టీ. ఆ రెండూ డెస్క్‌టాప్ సైట్‌కూ ఉన్నాయి కాబట్టి అక్కడే చెబుతాను.

డెస్క్‌టాప్ సైట్ ఎందుకు

నా అభిప్రాయం సూటిగా చెబుతున్నాను. డెస్క్‌టాప్ సైట్ రోజూ వాడేది కాదు. పొలం దున్నడానికి ఏడాదికి ఒకటి రెండుసార్లు ట్రాక్టర్ అద్దెకు తెచ్చుకున్నట్టు, ఒక్కసారి కూర్చుని చేసేసే పనులకు దాన్ని తెరవండి. ఆ పనులు ఏవంటే:

మొదటిది, ఆ కుర్రాడిని నేను చేయమన్నదే. "సెట్టింగ్స్ అండ్ ప్రైవసీ" తెరిచి "డేటా ప్రైవసీ"లోకి వెళితే "గెట్ ఎ కాపీ ఆఫ్ యువర్ డేటా" అని ఉంటుంది. అక్కడ కనెక్షన్స్ మాత్రమే ఎంచుకుని అడిగితే, కాసేపటికి మీ మెయిల్‌కు లింక్ వస్తుంది. అన్నీ అడిగితే ఒక రోజు దాకా పట్టొచ్చు. వచ్చేది జిప్ ఫైల్. ఫోన్లోని ఫైల్స్ యాప్‌తో విప్పి, లోపలున్న పట్టికను గూగుల్ షీట్స్‌లో తెరవండి. పేరు, కంపెనీ, హోదా, ఎప్పుడు కనెక్ట్ అయ్యారు అని నిలువు వరసలుగా ఉంటుంది. ఈమెయిల్ వరస చాలామందికి ఖాళీగానే ఉంటుంది, ఇవ్వడానికి వాళ్ళు ఒప్పుకుంటేనే వస్తుంది.

ఇప్పుడు కంపెనీ పేరున్న వరసను అక్షరక్రమంలో పెట్టండి. ఏ కంపెనీలో మీకు తెలిసినవాళ్ళు ఎంతమంది ఉన్నారో ఒక్క చూపులో తెలుస్తుంది. బెంగళూరులో ఫ్రెషర్‌కు ఉద్యోగం వచ్చే దారుల్లో రిఫరల్, అంటే ఆ కంపెనీలో పనిచేసేవాళ్ళు మన పేరు చెప్పడం, చాలా పెద్దది. కాలేజీలో మీకంటే రెండేళ్ళు ముందు చదివిన అక్కో అన్నో ఇప్పుడు వైట్‌ఫీల్డ్‌లో ఒక కంపెనీలో ఉన్నారని ఫీడ్ చూస్తే తెలియదు, పట్టిక చూస్తే తెలుస్తుంది. నా దృష్టిలో ఈ ఒక్క పని కోసమైనా డెస్క్‌టాప్ సైట్ తెరవడం నేర్చుకోవాలి.

రెండోది ప్రొఫైల్ అడ్రస్. ఖాతా తెరిచినప్పుడు సైట్ ఇచ్చే అడ్రస్ మీ పేరు తర్వాత అంకెలు, అక్షరాలు తోకలా వేలాడుతూ ఉంటుంది. డెస్క్‌టాప్ పేజీలో మీ ప్రొఫైల్ కుడివైపు "పబ్లిక్ ప్రొఫైల్ అండ్ యూఆర్‌ఎల్" నొక్కి ఆ తోక తీసేయండి. రెజ్యూమెలో పెట్టుకోవడానికి శుభ్రంగా ఉంటుంది. ఆ పేజీలోనే, లాగిన్ కాకుండా గూగుల్ నుంచి వచ్చినవాళ్ళకు మీ ప్రొఫైల్లో ఏమేం కనబడాలో ఒక్కొక్కటిగా ఎంచుకోవచ్చు. ముఖ్యంగా ఆడపిల్లలు ఫోటో ఎవరికి కనబడాలన్నది ఇక్కడ చూసుకోండి. మారిస్తే పాత అడ్రస్‌తో ఉన్న రెజ్యూమెలు కూడా మార్చుకోవాలి, మర్చిపోకండి.

మూడోది, ప్రొఫైల్‌ను పీడీఎఫ్‌గా దింపుకోవడం. ప్రొఫైల్ పైభాగంలో "రిసోర్సెస్" అనో "మోర్" అనో ఉన్న బటన్ కింద "సేవ్ టు పీడీఎఫ్" దొరుకుతుంది. దీన్నే రెజ్యూమెగా పంపకండి. దాని రూపం మన చేతిలో ఉండదు, అందరిదీ ఒకేలా ఉంటుంది. నేను దీన్ని వాడేది తప్పులు పట్టుకోవడానికి. తెర మీద కనబడని అచ్చుతప్పు కాగితం మీద కనబడుతుంది. మూలనున్న జిరాక్స్ షాపులో ప్రింట్ తీయించి, ఎర్ర పెన్నుతో దిద్దమని ఆ కుర్రాడికి చెప్పాను. తేదీల్లోనే రెండు తప్పులు దొరికాయి. కోర్సు మొదలైన నెల కంటే ముగిసిన నెల ముందుంది.

నాలుగోది సెట్టింగ్స్‌ను నిదానంగా చదవడం. "సైన్ ఇన్ అండ్ సెక్యూరిటీ"లో మీ ఖాతా ఎక్కడెక్కడ తెరిచి ఉందో జాబితా కనిపిస్తుంది. నెట్ సెంటర్‌లో, స్నేహితుడి ల్యాప్‌టాప్‌లో లాగిన్ అయి వదిలేసినవన్నీ అక్కడి నుంచే మూసేయవచ్చు. రెండంచెల తనిఖీ కూడా పెట్టుకోండి. ఇవి యాప్‌లోనూ చేయొచ్చు గానీ, పెద్ద పేజీలో అన్నీ పక్కపక్కన ఉంటే చదవాలనిపిస్తుంది. 2024 నుంచి లింక్డ్‌ఇన్ తెలుగులోనూ ఉంది. తెలుగు మీడియంలో చదివినవాళ్ళకు నా సలహా: సెట్టింగ్స్ చదివే గంటసేపు భాషను తెలుగుకు మార్చుకోండి. దేనికి ఒప్పుకుంటున్నారో తెలిసి ఒప్పుకుంటారు. తర్వాత ఇంగ్లీషుకు తిరిగి రండి, ఎందుకంటే మీరు చూసే వీడియోల్లో, ఇంటర్వ్యూలో, ఆఫీసులో వినబడే పేర్లన్నీ ఆ భాషలోనివే.

ఇక వెతుకులాట. ఇక్కడ బ్రౌజర్‌కు యాప్ కంటే రెండు మేళ్ళున్నాయి. ఒకటి ట్యాబులు: నచ్చిన ఉద్యోగాన్ని నొక్కిపట్టి కొత్త ట్యాబ్‌లో తెరుచుకుంటూ పోతే, ఐదారింటిని పక్కపక్కన పోల్చుకోవచ్చు. రెండోది అడ్రస్ పట్టీ. జాబ్స్‌లో వెతికి, "పాస్ట్ 24 అవర్స్" అన్న వడపోత పెట్టాక అడ్రస్‌ను ఒకసారి గమనించండి. అందులో ఆర్ అనే అక్షరం పక్కన 86400 అనే అంకె ఉంటుంది. 24 గంటలకు అన్ని సెకన్లు. దాన్ని 3600 చేసి ఎంటర్ కొడితే గడిచిన గంటలో వచ్చినవి మాత్రమే వస్తాయి. 21600 అంటే ఆరు గంటలు. ఇది సైట్ చెప్పిన పద్ధతి కాదు, వాడేవాళ్ళు కనిపెట్టుకున్నది, ఏ రోజైనా పనిచేయడం మానొచ్చు. పనిచేసినంతకాలం మాత్రం ఫ్రెషర్‌కు బంగారం. వందల దరఖాస్తులు పడకముందే మీది చేరుతుంది. ఆ అడ్రస్‌ను బుక్‌మార్క్ చేసుకుని పొద్దునొకసారి, మధ్యాహ్నం భోజనం తర్వాత ఒకసారి తెరవండి.

ఊరి పేరు దగ్గర ఒక చిన్న జాగ్రత్త. ఇక్కడి ఉద్యోగాలు కొన్ని "బెంగళూరు, కర్ణాటక" అని, కొన్ని "గ్రేటర్ బెంగళూరు ఏరియా" అని పెడతారు. రెండింటితోనూ వెతకండి. పదాలను కొటేషన్ గుర్తుల మధ్య పెట్టడం, పెద్ద అక్షరాల్లో నాట్ అని రాసి సీనియర్ ఉద్యోగాలను వదిలించుకోవడం అన్ని దారుల్లోనూ పనిచేసేవే. ఉచిత ఖాతాతో మనుషుల్ని అదేపనిగా వెతికితే ఒక హద్దు తగులుతుంది, మళ్ళీ 1వ తేదీకి గానీ తెరుచుకోదు. దాన్ని ఏ దారీ తప్పించదు.

ఇబ్బందులు ఎక్కడ

డెస్క్‌టాప్ సైట్ మౌస్ కోసం కట్టినది, వేలి కోసం కాదు. మౌస్ బాణాన్ని పైన ఆనిస్తేనే తెరుచుకునే మెనూలు అందులో ఉన్నాయి. ఉదాహరణకు లైక్ మీద ఆనిస్తే రకరకాల స్పందనలు వస్తాయి. వేలితో ఆనించడం అంటూ ఉండదు, నొక్కడమే. కుడివైపు అడుగున మెసేజింగ్ పెట్టె ఒకటి ఎప్పుడూ ఉంటుంది, ఫోన్ తెర మీద అది కింది బటన్లను మూసేస్తుంది. ముందు దాన్ని కుదించి పెట్టుకోండి. "మీకు తెలిసినవారు కావచ్చు" అని మనుషుల్ని చూపించే పేజీలో మాత్రం డెస్క్‌టాప్ సైట్ వద్దే వద్దు. అక్కడ కనెక్ట్ నొక్కితే నోట్ అడగకుండానే వెళ్ళిపోతుంది. చిన్న అక్షరాల్లో వేలు పక్కకు జరిగితే మీరు అనుకోని మనిషికి ఆహ్వానం పోతుంది.

అన్నిటికంటే పెద్ద ఇబ్బంది మెమరీ. 4 జీబీ ర్యామ్ ఫోన్లో పెద్ద పేజీ తెరిచి, ప్రొఫైల్లో మన గురించి చెప్పుకునే ఎబౌట్ రాస్తూ రాస్తూ మధ్యలో వాట్సాప్ చూసి వచ్చారనుకోండి. ఫోన్ ఆ ట్యాబ్‌ను మెమరీలోంచి తీసేసి ఉంటుంది, తిరిగి రాగానే పేజీ మొదటినుంచి తెరుచుకుంటుంది, రాసిందంతా పోతుంది. మా పిన్ని కూతురు గంటసేపు రాసింది అలాగే పోయింది. ఆ రోజు దాని ఏడుపు చూడలేకపోయాను. అందుకని ఏ సైట్‌లోనూ నేరుగా రాయకండి. గూగుల్ వాళ్ళ నోట్స్ యాప్ కీప్‌లోనో, గూగుల్ డాక్స్‌లోనో రాసుకుని, దిద్దుకుని, చివరికి అతికించండి. హెడ్‌లైన్‌కు (పేరు కింద వచ్చే వరస) 220 అక్షరాలు, ఎబౌట్‌కు 2,600 అక్షరాలు హద్దు. కానీ ఫోన్లో చూసే రిక్రూటర్‌కు ఎబౌట్‌లో మొదటి మూడు నాలుగు వరసలే కనబడతాయి, మిగతాది నొక్కితేనే తెరుచుకుంటుంది. చేయగల పని, తెలిసిన టూల్స్, ఎప్పుడు చేరగలరు అన్నవి ఆ మూడు వరసల్లోనే ఉండాలి. పెద్ద పేజీలో ఏ మార్పు చేసినా, చేశాక ఒకసారి యాప్‌లో తెరిచి చూసుకోండి. పైనుండే బ్యానర్ బొమ్మ 1584 బై 396 పిక్సెళ్ళు. అందులో రాత పెడితే ఎడమవైపు అడుగున మీ ఫోటో దాన్ని కప్పేస్తుంది, రాతను కుడివైపుకు జరపండి.

తక్కువ ఖర్చు మార్గం

ఇది నాకు ఎలక్ట్రానిక్స్ కొట్లుండే ఎస్పీ రోడ్డులో తట్టింది. కేబుల్ కొనడానికి వెళ్ళి, కొట్టతను తన ఫోన్‌కే మౌస్ పెట్టి బిల్లులు చూసుకుంటుంటే గమనించాను. ఓటీజీ అడాప్టర్ అని చిన్న ముక్క దొరుకుతుంది. ఒకవైపు ఫోన్‌కు, మరోవైపు మామూలు యూఎస్‌బీ మౌస్‌కు. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో తగిలించగానే తెర మీద బాణం వస్తుంది, ఏ యాప్ అక్కర్లేదు. ఫోన్‌ను అడ్డంగా నీళ్ళ సీసాకు ఆనించి, డెస్క్‌టాప్ సైట్ తెరిచి, మౌస్ పట్టుకుంటే పైన చెప్పిన ఇబ్బందుల్లో సగం తీరిపోతాయి. ఆనిస్తే తెరుచుకునే మెనూలు తెరుచుకుంటాయి, చిన్న బటన్ మీద గురి తప్పదు. యూఎస్‌బీ కీబోర్డు కూడా అలాగే పనిచేస్తుంది, అప్పుడు తెర మీద కీబోర్డు రాదు కాబట్టి అడ్డంగానే రాసుకోవచ్చు. పీజీలో నలుగురు కలిసి ఒక సెట్టు కొనుక్కుంటే మనిషికి పడేది ఒక పూట ఆంధ్రా భోజనం ఖర్చే. కొనేముందు మీ ఫోన్ రంధ్రం టైప్ సీనా, పాత మైక్రోనా చూసుకోండి. కొన్ని ఫోన్లలో సెట్టింగ్స్‌లో ఓటీజీ అని విడిగా ఆన్ చేయాలి. కొట్లోనే తగిలించి చూసి తెచ్చుకోండి.

సామ్‌సంగ్ ఖరీదైన ఫోన్లలో 2017 నుంచి డెక్స్ అని ఉంది, మానిటర్‌కు తగిలిస్తే ఫోనే కంప్యూటర్‌లా మారుతుంది. అది చేతిలో ఉన్నవాళ్ళు ఇంకేమీ కొనక్కర్లేదు. చవక ఫోన్లలో బొమ్మను బయటికి పంపే ఏర్పాటు సాధారణంగా ఉండదు, దానికోసం కేబుళ్ళు కొని డబ్బు పోగొట్టుకోకండి.

అసలు కంప్యూటరే కావాల్సిన పని ఒకటుంది. ఈజీ అప్లై కాకుండా, కంపెనీ సొంత సైట్‌కు తీసుకెళ్ళే పొడవాటి దరఖాస్తులు. లింక్డ్‌ఇన్ యాప్‌లో అప్లై నొక్కితే అవి యాప్ లోపలే చిన్న కిటికీలో తెరుచుకుంటాయి. ఒక అబ్బాయి అలాంటి ఫారంలో ఏడు పేజీలు నింపాడు. చివర్లో ఓటీపీ చూడటానికి మెసేజ్‌లోకి వెళ్ళి వచ్చేసరికి మొదటి పేజీ కొచ్చింది. మీకు కంప్యూటర్ దొరకకపోతే, కనీసం ఆ కిటికీ పైనున్న మూడు చుక్కలు నొక్కి దాన్ని క్రోమ్‌లోకి మార్చుకుని నింపండి, పేజీ పేజీకీ సేవ్ చేయండి. రెజ్యూమె ఫైల్‌ను ముందే ఫోన్లో ఒక ఫోల్డర్లో, మీ పేరుతో పెట్టుకోండి. కోర్సులో దొరికే ఆ రెండు గంటల్లో వారానికొక రోజు ఈ పొడవాటి దరఖాస్తులకే కేటాయిస్తే ఇంకా మంచిది. నెట్ సెంటర్‌లో అయితే ఇన్‌కాగ్నిటో కిటికీలో తెరవండి. లేచేముందు డౌన్‌లోడ్స్‌లోంచి మీ రెజ్యూమెను, మార్కుల జాబితాను తీసేయండి.

ఏ దారిలో వెళ్ళినా, మీ బదులు ఆటోమేటిగ్గా రిక్వెస్టులు పంపుతామనే ఎక్స్‌టెన్షన్ల (బ్రౌజర్‌కు తగిలించే చిన్న ప్రోగ్రాముల) జోలికి పోకండి. అవి సైట్ నియమాలకు విరుద్ధం, ఖాతాను ఆపేయొచ్చు. ఆఫర్ లెటర్ ఇప్పిస్తాం, ముందు డిపాజిట్ కట్టమనే మెసేజ్ ఎంత పెద్ద ప్రొఫైల్ నుంచి వచ్చినా అది మోసమే. ఊళ్ళో అమ్మ మెడలోది కుదువబెట్టి తెచ్చిన డబ్బు అలా పోవడం నేను కళ్ళారా చూశాను.

ఎవరికి ఏది

ఫోన్ మాత్రమే ఉన్న ఫ్రెషర్లు యాప్ ఉంచుకోండి, మౌస్ సెట్టు తెచ్చుకోండి. ఒక ఆదివారం డెస్క్‌టాప్ సైట్‌లో జాబితా, అడ్రస్, పీడీఎఫ్, సెట్టింగ్స్ నాలుగూ ముగించండి. ఆ తర్వాత నెలకోసారి తెరిస్తే చాలు.

ఉద్యోగంలో ఉండి మారాలనుకునేవాళ్ళు ఆఫీసు ల్యాప్‌టాప్‌లో ఈ పనులేవీ చేయకండి, దాన్ని చూసే హక్కు కంపెనీకి ఉంటుంది. మీకు ఫోన్లో డెస్క్‌టాప్ సైటే సరైన దారి. మీ సొంత డేటాతో తెరవండి, ఆఫీసు వైఫై వద్దు. ఉద్యోగం వెతుకుతున్నామని చెప్పే "ఓపెన్ టు వర్క్" పెట్టేటప్పుడు రిక్రూటర్లకు మాత్రమే అన్నది ఎంచుకోండి. రెండోది ఎంచుకుంటే ఫోటో చుట్టూ వచ్చే ఆకుపచ్చ చట్రం అందరికీ కనబడుతుంది. రిక్రూటర్లకు మాత్రమే అన్నా మీ కంపెనీ వాళ్ళకు అస్సలు తెలియదని లింక్డ్‌ఇన్ కూడా పూర్తి హామీ ఇవ్వదు, అది మనసులో పెట్టుకునే నిర్ణయించుకోండి. రోజూ పర్పుల్ లైన్ మెట్రోలో వైట్‌ఫీల్డ్ వెళ్ళొచ్చేవాళ్ళు ఆ ప్రయాణంలో యాప్ చదవండి, రాసేది ఇంటికొచ్చాక.

యాభై దగ్గరపడి, చత్వారం వచ్చినవాళ్ళకు డెస్క్‌టాప్ సైట్ నేను చెప్పను. మా మేనమామ ఎలక్ట్రానిక్ సిటీలో ప్లాంట్ మెయింటెనెన్స్‌లో పాతికేళ్ళు చేసి ఇప్పుడు మళ్ళీ పని వెతుకుతున్నారు. ఆయన ఫోన్లో యాప్ మాత్రమే ఉంచి, ఫోన్ సెట్టింగ్స్‌లో అక్షరాల సైజు పెంచి ఇచ్చాను. పెద్ద పేజీలో చేయాల్సిన నాలుగు పనులూ ఆయన పక్కన కూర్చుని, ఆయన చెబుతుంటే నా ల్యాప్‌టాప్‌లో చేశాను. మీ ఇంట్లోనూ అలాంటివాళ్ళుంటే ఒక సాయంత్రం వాళ్ళకోసం కూర్చోండి.

ధర్మవరం కుర్రాడి పట్టికలో 212 పేర్లు వచ్చాయి. కంపెనీల వారీగా పెట్టి చూస్తే, మాన్యతా టెక్ పార్క్‌లో ఉన్న ఒకే కంపెనీలో తన కాలేజీ సీనియర్లు ముగ్గురున్నారు. ముగ్గురూ టెస్టింగే. ఇద్దరితో ఇంటర్‌లో ఒకే బస్సులో తిరిగాడట. "వీళ్ళు ఇంత దగ్గర్లో ఉండారని నాకు తెలీదక్కా" అన్నాడు. ఏం రాయాలో ముందు కీప్‌లో రాసి చూపించమన్నాను. నాలుగు వాక్యాలు రాశాడు. ఒకటి కొట్టేయించాను, మిగతావి అలాగే పంపాడు.